గుంటలో లేని మనిషి

నాలుగింటికి ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసరు వస్తున్నాడు. అప్పటికే మూడు దాటింది. ఆ కాసేపు తల్లిని ఇంట్లో లేకుండా ఎలా చెయ్యాలో టీచరమ్మకి ఇంకా తోచలేదు.

"పక్కవీధి పిన్ని నిన్ను రమ్మంటోందమ్మా. నిన్నటి నుంచి కబురు మీద కబురు" అంది ఉల్లిపాయలు తరుగుతూ.

"దానికేం కాళ్ళు లేవా? రమ్మను."

"మోకాళ్ళ నొప్పులట."

"నాకు కళ్ళ బాధ. ఎవరి బాధలు వాళ్ళిళ్ళలో పడితే మంచిది" అంది తల్లి. "నేను కదలను. ఆ ఆఫీసరు రానీ. నా బిడ్డ ఏ దౌర్భాగ్యుడి కోసం ఆ గుంటలో దిగాడో వాడి పేరు అడుగుతాను. ఒక్కసారి వాడి మొహం చూడాలి. ఆ తర్వాత ఈ కళ్ళు పోయినా నాకు బెంగలేదు."

పెరట్లో చెంబు చప్పుడు ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాళ్ళు కొందరుంటారు. మొహం కడుక్కుంటున్న అల్లుడు ఆ రకం కాదు. ఉన్నచోటే ఊపిరి బిగబట్టి, మాట తన మీదుగా వెళ్ళిపోయేదాకా ఆగే రకం.

"వాడికి పుట్టగతులుండవు" అని ముగించి, తల్లి కొడుకు కోసం పాలు స్టవ్ మీద పెట్టింది.

తొమ్మిది రోజులుగా ఆవిడ ఆ మనిషిని తిడుతోంది. తొమ్మిది రోజులుగా ఆ మనిషి ఆవిడ వడ్డించిన అన్నమే తింటున్నాడు. వీధిలో ఎవరింట్లో ఏ కూర వండారో కూడా చెప్పగల ఆవిడకి ఈ ఒక్క సంగతి తెలియదు.

ఆ ఇంట్లో నిజం రెండు ముక్కలుగా ఉంది. ఒక ముక్క ముందుగదిలో దిండ్లకి చేరగిలబడి దగ్గుతున్న తమ్ముడి దగ్గరుంది. ఆ రోజు విషవాయువు నిండిన పంపు గుంటలో తను దిగింది అక్కడ పనిచేసే బావ కోసమేనని వాడికి తెలుసు. రెండో ముక్క తల్లి దగ్గరుంది. ఆ రోజు పొద్దుటి నుంచీ అల్లుడు కంటి ఆసుపత్రిలో తన పక్కనే ఉన్నాడని ఆవిడకి తెలుసు. తమ్ముడిని ఆసుపత్రి నుంచి తెచ్చి మూడు రోజులైంది. మూడు రోజులుగా ఆ రెండు ముక్కలూ ఒకే కప్పు కింద ఉన్నాయి. మధ్యలో ఒక గోడ ఉంది, ఒక టీచరమ్మ ఉంది.

తల్లికి తమ్ముడు "ఎవరో ఒకాయన" అని చెప్పాడు. బావ పేరు చెబితే అమ్మ ఆయన్ని మాటలతోనే చంపేస్తుందని వాడి భయం. తల్లి నోరు తెరిచి కంటి ఆసుపత్రి కబుర్లు మొదలుపెట్టబోతే టీచరమ్మ అడ్డుపడేది. "వాడితో మాట్లాడించకమ్మా, డాక్టరు వద్దన్నాడు" అనేది. ముప్పై నలుగురు పిల్లలున్న తరగతిని నిశ్శబ్దంగా ఉంచడమే తేలిక అనిపించింది ఆమెకి. రాత్రిళ్ళు నిద్ర లేదు. పగలు కూర్చుంటే కళ్ళు వాటంతటవే మూతలు పడుతున్నాయి.

అసలు తప్పు చాలా చిన్నది. ఆ ఫ్యాక్టరీలో ప్రతివాడికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది, దాని మీద నంబరు. లోపలికి వెళ్ళేవాడు గేటు దగ్గర బోర్డు మీద నుంచి తన బిళ్ళ తీసుకుని, పనిచేసే చోట కొక్కేనికి తగిలించాలి. బయటికొచ్చేటప్పుడు మళ్ళీ గేటు బోర్డు మీద పెట్టాలి. ప్రమాదం వస్తే గేటు బోర్డులో ఖాళీలు లెక్కపెట్టి, లోపల ఎవరున్నారో తేలుస్తారు.

ఈ ఏర్పాటు చేసినవాడు తెలివైనవాడే. వాడుకునేవాళ్ళు అంతకన్నా తెలివైనవాళ్ళు. ఎవడికైనా ఒక పూట పనిపడితే, స్నేహితుడు వాడి బిళ్ళ కూడా తీసుకెళ్ళి వాడి కొక్కేనికి తగిలిస్తాడు. గుంట పైన బిళ్ళ వేలాడుతోందంటే గుంటలో మనిషి ఉన్నట్టే. కిందకి తొంగి చూసిన సూపర్‌వైజరు ఇంతవరకు పుట్టలేదు.

ఆ రోజు టీచరమ్మకి బడిలో తనిఖీ. తల్లికి కంటి పరీక్ష. "నాకు సెలవివ్వరు" అన్నాడు భర్త. "ఒక్క పూటకి బిళ్ళ వేయించుకోండి. అందరూ వేయించుకుంటూనే ఉన్నారుగా" అంది ఈమె. ఆ మాట తన నోటితో తనే అంది. తొమ్మిది రోజులుగా అది ఆమెకి అన్నం సయించనివ్వడం లేదు.

పాలు పొంగకుండా తల్లి గరిట తిప్పుతోంది. "అల్లుడు దేవుడే" అంది ఉన్నట్టుండి. "కడుపున పుట్టినవాడు కూడా అట్లా చెయ్యడు. కంట్లో మందు వేశారా, నాకేమో వెలుతురు తప్ప ఏమీ కనబడదు. సైరన్ మోగింది. జనం పరుగులు. కుళ్ళిన గుడ్డు వాసన. స్టవ్ వెలిగించొద్దు, స్విచ్చి వెయ్యొద్దు, వేసింది తియ్యొద్దు, బండి స్టార్ట్ చెయ్యొద్దు, గాలికి అడ్డంగా నడవండి, వాసన పోయిందని ఆగొద్దు, వాసన తెలియకపోతేనే ఎక్కువ ప్రమాదం అని మైకులో ఒకటే గోల. నా మోచెయ్యి పట్టుకుని నడిపించాడు. ఒక్క క్షణం వదల్లేదు. ఆ పోలీసు దగ్గర తప్ప."

"ఏ పోలీసు?"

"దారికి అడ్డంగా తాడు కట్టారే, అక్కడ. చేతిలో వైర్‌లెస్సు ఉంది. లోపలివాళ్ళ సంగతి తెలిసినవాళ్ళుంటే వచ్చి చెప్పండి, గేటుకి చెబుతాను అని అరుస్తున్నాడు. అల్లుడు నా చెయ్యి వదిలి రెండడుగులు వేశాడు. మళ్ళీ ఏమనుకున్నాడో వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. నన్ను ఒంటరిగా వదల్లేక పాపం."

టీచరమ్మ కత్తి కింద పెట్టింది. ఉల్లిపాయల వల్ల కళ్ళు మండుతున్నాయి. చెయ్యి కడుక్కోకుండానే పెరట్లోకి వెళ్ళింది.

భర్త తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నిలబడ్డాడు. అంతా విన్నాడని ఆయన మొహమే చెబుతోంది.

"ఎన్నింటికి?" అంది.

"ఏమిటి?"

"పోలీసు. వైర్‌లెస్సు. ఎన్నింటికి?"

ఆయన తువ్వాలు తీగ మీద ఆరేశాడు. దాని అంచులు సరిచేశాడు. "పదకొండు కాలేదు" అన్నాడు చివరికి.

"వాడు గుంటలో దిగింది పదకొండూ ఇరవైకి."

"నాకేం తెలుసు దిగుతాడని?"

"మీ బిళ్ళ అక్కడ వేలాడుతోందని తెలుసుగా."

"అందరూ బయటికొచ్చాక పొరపాటని తేలిపోతుంది అనుకున్నాను. ఆ పోలీసుకి చెబితే గేటుకి చెబుతాడు, గేటు వాళ్ళు రాసుకుంటారు. నా ఉద్యోగం పోతుంది, నా కోసం బిళ్ళ వేసిన పొడుగాయన ఉద్యోగమూ పోతుంది. వాడికి ముగ్గురు ఆడపిల్లలు."

"నాతో ఫోను కలవలేదన్నారు. గేటుకి చెప్పే దారే లేకపోయిందన్నారు."

"ఫోను కలవలేదు. అది నిజమే."

"పోలీసు సంగతి చెప్పలేదు."

పక్కింటివాళ్ళ కుళాయి కింద బిందె నిండి పొర్లిపోతోంది, ఎవరూ కట్టడం లేదు.

చివరికి ఆయనే అన్నాడు. "ఈ ఒక్క గంట గడవనీ. ఆఫీసరు మంచివాడు. మీ తమ్ముడికి చెరుపు జరగకుండానే రాస్తానన్నాడు."

"ఏమని రాస్తాడు?"

"ఏదో రాస్తాడు. నువ్వు మీ అమ్మని చూసుకో."

ఆమె లోపలికొచ్చింది. కోపం రావాలి. కోపానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి. గోడకి ఒక నిమిషం ఆనుకుని, పాలగ్లాసు తీసుకుని తమ్ముడి గదిలోకి వెళ్ళింది.

తమ్ముడు ఫ్యాక్టరీ రక్షణ దళంలో పనిచేస్తాడు. వీపు మీద గాలి సిలిండరు, మొహానికి మాస్కు, ఎప్పుడూ ఇద్దరిద్దరుగా లోపలికి వెళ్ళాలి. సిలిండరులో గాలి తగ్గితే ఈల మోగుతుంది. ఈల మోగగానే ఏం చేస్తున్నా వదిలేసి వెనక్కి తిరగాలి. పదకొండేళ్ళలో వాడు తిరగని రోజు లేదు, ఆ ఒక్క రోజు తప్ప.

"అక్కా, నిజం చెప్పు" అన్నాడు. గొంతు గరగరలాడుతోంది. నాలుగు మాటలకోసారి ఆగాలి. "నేను తేడాగా ఏమైనా మాట్లాడుతున్నానా?"

"అదేం ప్రశ్న?"

"గుంట పైన కొక్కేనికి బావ బిళ్ళ ఉంది. చేత్తో తిప్పి నంబరు చూశాను. అది చూసే దిగాను. తర్వాత సోదాకి వెళ్ళినవాళ్ళు వెతికితే కొక్కెం ఖాళీగా ఉందట. బావేమో బిళ్ళ తన జేబులోనే ఉంది అన్నాడు. ముందే వెనకగేటు గుండా బయటపడ్డానన్నాడు." ఆగి దగ్గాడు. "మరి నేను చూసిందేమిటి?"

ఆమె గ్లాసు వాడి చేతికిచ్చింది. అది పట్టుకున్నాడు గాని తాగలేదు.

"నా జోడీవాడు ఈల మోగింది రారా అని లాగాడు. నేను రెండు మెట్లు ఇంకా కిందకి వెళ్ళాను. అక్కడే గాలి అయిపోయి పడిపోయాను. లేని బిళ్ళ చూసి లేని మనిషి కోసం వెళ్ళానంటే, రేపు ఎవడు నాతో జోడీగా వస్తాడు? వాడి ప్రాణం నా కళ్ళ మీద ఆధారపడి ఉంటుందిగా. నిన్న రాత్రి గడియారం రెండుసార్లు చూశాను. మూడోసారి నమ్మకం కుదరక మళ్ళీ చూశాను."

ఆ బిళ్ళ కొక్కేనికి ఉంది. గాలి శుభ్రపడ్డాక, సోదా మొదలుకాక ముందే పొడుగాయన దాన్ని తీసేశాడు. ఆసుపత్రి వరండాలో ఆయన దాన్ని తెచ్చి తన భర్త చేతిలో పెడుతుంటే టీచరమ్మ కళ్ళారా చూసింది. ఆ కళ్ళతోనే ఇప్పుడు తమ్ముడిని చూడలేక కిటికీ తెర సర్దింది.

"పాలు తాగు" అంది. అంతకన్నా సిగ్గుపడాల్సిన మాట తన జన్మలో అనలేదనుకుంది.

ఆఫీసరు చెప్పిన వేళకే వచ్చాడు. సన్నటి మనిషి, కళ్ళ కింద నల్లటి చారలు. కుర్చీ చూపించగానే కూర్చోలేదు, కూలబడ్డాడు. ఆయనకీ తొమ్మిది రోజులుగా నిద్ర లేనట్టుంది. ఒడిలో ఫైలు పెట్టుకుని ముందుగా, "ఎలా ఉంది అబ్బాయ్?" అన్నాడు. వెంటనే, "మాట్లాడకు, తల ఊపు చాలు" అన్నాడు.

తల్లి వచ్చి గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. టీచరమ్మ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "పెరట్లో బట్టలు తడుస్తాయేమో చూడమ్మా" అంది. "మబ్బు లేదు, మాటు లేదు" అంది తల్లి, కదలకుండా. భర్త టీ తెచ్చాడు. ఆ ఇంట్లో ఆయన టీ తేవడం అదే మొదటిసారి. చేతిలో పని ఉంటే మనిషికి కాస్త ధైర్యం.

"నేనే పంపాను ఈ అబ్బాయినీ, వీడి జోడీనీ" అన్నాడు ఆఫీసరు, ఎవరూ అడక్కుండానే. "వాల్వు కట్టేసి బయటికొచ్చారు. ఆ పని వీళ్ళు చెయ్యకపోతే ఒక్క నిప్పురవ్వకి వీధులు వీధులు పోయేవి. అప్పటికే అలిసిపోయి ఉన్నారు. గేటు లెక్కలో ఒక మనిషి తగ్గాడు. కొత్త సిలిండర్లు కూడా దొరకలేదు, ఉన్నవాటితోనే మళ్ళీ వెళ్ళమన్నాను."

తర్వాత ఫైలు తెరిచాడు. "నేను ఒకటి రాసుకొచ్చాను. ఈల విని కూడా తిరగలేదు అని రాస్తే నీది క్రమశిక్షణ తప్పడం అవుతుంది. అట్లా రాయను. ఆ వాయువు తలకెక్కితే లేనివి ఉన్నట్టు కనిపిస్తాయి. గుంట దగ్గర నీకు అట్లా అనిపించిందని రాస్తాను. అందులో నీ తప్పేమీ ఉండదు. వైద్యమంతా ఫ్యాక్టరీదే. కాకపోతే దళంలో మళ్ళీ వెయ్యరు. ఆఫీసులో ఏదైనా కుర్చీ పని చూస్తాను."

"అప్పటికి మాస్కు ఉంది సార్" అన్నాడు తమ్ముడు.

"మాస్కు అంచు సరిగ్గా పట్టలేదేమో."

"పట్టింది సార్." ఒక్క క్షణం ఆగాడు. చేతులవైపు చూసుకున్నాడు. "పట్టిందనే అనుకున్నాను."

"ఇంతకీ ఆ వెధవ ఎవరు బాబూ?" అంది తల్లి గుమ్మంలోంచి. "మా వాడు ఎవరి కోసం దిగాడు?"

తమ్ముడు ఉలిక్కిపడ్డాడు. "అమ్మా, ఇప్పుడెందుకు" అనబోయేసరికి దగ్గు తెర వచ్చింది. ఆ దగ్గు తగ్గేదాకా ఆఫీసరు ఆగి, ఆవిడ వైపు ఆశ్చర్యంగా చూశాడు.

"మీకు తెలియదా అమ్మా? మీ అల్లుడుగారి కోసమే. ఆయన బిళ్ళే గేటు లెక్కలో తగ్గింది. అదృష్టం బాగుండి ఆయన అప్పటికే వెనకగేటు నుంచి బయటపడ్డారట, పదిన్నర ప్రాంతంలో."

తల్లి ఏదో అనడానికి నోరు తెరిచింది.

భర్త చేతిలో ఉన్న పళ్ళెంలో కప్పులు సన్నగా గలగలలాడాయి. తల్లి అల్లుడి మొహం వైపు చూసింది. ఒక్కసారి చూడాలని తొమ్మిది రోజులుగా కోరుకున్న మొహం. తర్వాత కొడుకువైపు చూసింది. చివరికి కూతురి వైపు చూసి, అక్కడ ఆగింది. అడగాల్సిన ప్రశ్న ఏదీ ఆవిడ పైకి అడగలేదు. కూతురి మొహంలో అన్నిటికీ జవాబు ఉన్నట్టుంది.

"ఏదో అనబోయారు?" అన్నాడు ఆఫీసరు.

"ఏం లేదు బాబూ."

"ఆ రోజు మీరు ఎక్కడున్నారు? మిమ్మల్ని కూడా ఖాళీ చేయించారా?"

"నేను ఇంట్లోనే ఉన్నాను" అంది తల్లి. "ఒక్కదాన్నే. నాకేం తెలియదు."

నోటి దగ్గర మాట ఆపుకోవడం అలవాటులేని మనిషి. ఆ మూడు ముక్కలూ చెప్పేసరికి ముసలిదైపోయింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది, మందు వేసిన కళ్ళు కదా అని చూసేవాళ్ళు అనుకునేటట్టు. కొడుకు ఎలాగూ బతికాడు. కూతురి సంసారం నిలబడాలి. తల్లి తూకం అట్లా తూగింది. ఆవిడని తప్పుపట్టడానికి మనమెవరం.

భర్త పళ్ళెం బల్ల మీద పెట్టాడు. ఆయన భుజాలు కిందికి దిగాయి. బరువు దించుకున్నట్టు ఉందది. టీచరమ్మ అది చూసింది.

"సరే అబ్బాయ్" అన్నాడు ఆఫీసరు. కాగితం తమ్ముడి ముందు పెట్టి, కలం మూత తీసి ఇచ్చాడు. "ఒకసారి చదువుకుని సంతకం చెయ్యి. తొందరేం లేదు."

తమ్ముడు చదివాడు. పెదవులు కదులుతున్నాయి. ఒకచోట ఆగి, వేలు పెట్టి, మళ్ళీ చదివాడు.

"లేని బిళ్ళని ఉన్నట్టుగా భ్రమపడి" అని పైకి చదివాడు. నవ్వబోయాడు. "అంతేనేమో సార్. డాక్టరు కూడా అట్లాగే అన్నాడు. నాకే అనిపించి ఉంటుంది."

కలం కాగితం మీద ఆనించాడు.

ఆ వాయువు వచ్చిన రోజు టీచరమ్మ బడి గంట కొట్టలేదు. అది కరెంటు గంట. చప్పట్లు కొట్టి పిల్లల్ని వరసలో నిలబెట్టి, గాలికి అడ్డంగా నడిపించి, ఒక్కొక్క తల మీద చెయ్యి వేసి మూడుసార్లు లెక్కపెట్టింది. ఇప్పుడు అదే చెయ్యి తమ్ముడి చేతి మీద వేసింది.

"సంతకం చెయ్యకురా" అంది.

"ఏమిటిది" అన్నాడు భర్త మెల్లగా. "లోపలికి రా, మాట్లాడుకుందాం."

తల్లి పీట మీద నుంచి లేచింది. "అమ్మాయ్" అంది. ఆ ఒక్క పిలుపులో బతిమాలడమూ ఉంది, హెచ్చరికా ఉంది.

టీచరమ్మ వాళ్ళిద్దరివైపూ చూడలేదు. చూస్తే ధైర్యం చాలదని ఆమెకి తెలుసు. తమ్ముడి మొహంలోకే చూస్తూ ఆఫీసరుకి జవాబు చెప్పింది.

"అమ్మ ఆ రోజు ఇంట్లో లేదండీ. వీడు చూసిన బిళ్ళ అక్కడే ఉంది. తర్వాత తీసేశారు. ఎవరు తీశారో, ఎవరికిచ్చారో నేను చూశాను."

ఆఫీసరు కాగితాన్ని మెల్లగా తన వైపు లాక్కున్నాడు.

తమ్ముడికి ఇంకా మొత్తం అందలేదు. బావ సంగతి, వెనకగేటు సంగతి, తొమ్మిది రోజుల అబద్ధం సంగతి వాడి దాకా రావడానికి ఇంకాసేపు పడుతుంది. ముందుగా ఒక్క మాటే అందింది వాడికి.

"అయితే నా తల బాగానే ఉందా అక్కా?" అన్నాడు.

"బాగానే ఉందిరా."

తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి వాడి మొహం తేటపడింది. అలా తేటపడిన మొహంతోనే, ఏదో అడగాలని బావ వైపు తిరిగాడు.